దేవుడి పేరు లేని పుస్తకంలో విశ్వాసం: ఎస్తేరు ధైర్యం ఎలాంటిది?

హీబ్రూ బైబిల్లో ఎస్తేరు పుస్తకం మిగతా వాటికి కాస్త దూరంగా కూర్చుని ఉంటుంది. మొత్తం 10 అధ్యాయాలు, 167 వచనాలు, అంతే. అందులో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. ప్రవక్త ఎవరూ వచ్చి ఇలా చెయ్యి అని చెప్పరు, దేవదూత కనిపించడు, సముద్రం పాయలవ్వదు, సింహాల నోళ్ళు మూసుకుపోవు. రాజు అనే మాట మాత్రం ఎక్కడ పేజీ తిప్పినా తగులుతూనే ఉంటుంది. మృత సముద్రం పక్కన కుమ్రాను గుహల్లో దొరికిన పాత చుట్టల్లో హీబ్రూ బైబిల్ పుస్తకాల ముక్కలు అన్నేసి బయటపడ్డాయి గానీ ఎస్తేరు ముక్క ఒక్కటీ దొరకలేదు. అయినా సరే యూదులు ఈ పుస్తకాన్ని రెండు వేల ఏళ్ళకు పైగా గుండెల్లో పెట్టుకున్నారు, ప్రతి ఏడాది పూరీము పండగకి సమాజ మందిరంలో మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదువుతారు, ఈ కథలో యూదులందర్నీ చంపాలని చూసిన హామాను పేరు వచ్చినప్పుడల్లా చిన్నా పెద్దా కలిసి గిలకలు తిప్పి, కాళ్ళు నేలకేసి కొట్టి ఆ పేరు వినపడకుండా చేస్తారు.

మన తెలుగు సంఘాల్లో కూడా ఎస్తేరు అంటే చాలా ఇష్టం. స్త్రీల కూటాల్లో మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెడితే ఎస్తేరు పేరు రాకుండా ఉండదు, ఎస్తేరమ్మ, ఎస్తేరు రాణి అని పిల్లలకి పేర్లు పెట్టుకున్న ఇళ్ళు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. కానీ ప్రసంగాల్లో వినే ఎస్తేరు భయమంటే ఏంటో తెలియని వీరనారి. పుస్తకంలో ఉన్న ఎస్తేరు అలా ఉండదు. ఆమె భయపడుతుంది, కుదరదు అని కబురు పంపుతుంది, తర్వాత ఒప్పుకుంటుంది, ఒప్పుకున్నాక కూడా వెంటనే నోరు విప్పదు. నిజానికి ఈ కథలో విశ్వాసం గురించి చెప్పే అసలు విషయం అక్కడే ఉంది. నువ్వు బతుకుతావు అని ఎవరూ మాట ఇవ్వకపోయినా, పైనుంచి ఒక్క సూచన కూడా రాకపోయినా, ఒక మనిషి ముందుకి అడుగు వేసిన కథ ఇది.

కథ జరిగేది షూషనులో. అది ఇప్పటి ఇరాన్‌లో ఖూజిస్తాన్ ప్రాంతంలో ఉన్న షూష్, 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ ఆర్కియాలజిస్టులు అక్కడ తవ్వి పర్షియా రాజు దర్యావేషు కట్టించిన ప్యాలెస్ శిథిలాలు బయటికి తీశారు. రాజు అహష్వేరోషు, ఎక్కువమంది ఇతన్ని క్రీస్తుపూర్వం 486 నుంచి 465 వరకు ఏలిన పర్షియా రాజు జెర్క్సెస్ అనుకుంటారు. మొదటి వచనంలోనే మన ప్రస్తావన ఉంది, హిందూదేశం నుంచి కూషు దాకా 127 సంస్థానాలు ఏలాడంట. ఇక్కడ హిందూదేశం అంటే పర్షియా చేతికి చిక్కిన సింధు నది వైపు ప్రాంతం, మొత్తం ఇప్పటి ఇండియా కాదు. ఆ రాజు 180 రోజులు తన సంపద ప్రదర్శించుకుని, ఆ తర్వాత ఇంకో 7 రోజులు ఊరందరికీ విందు పెట్టి, ఏడో రోజు తాగి ఉన్నప్పుడు రాణి వష్తిని కిరీటం పెట్టుకుని అందరి ముందుకి రమ్మని కబురు పెడతాడు. ఆమె రాను అంటుంది. అంతే, రాణి పదవి పోయింది. ఒక్క ఆడమనిషి కాదు అన్నందుకు, దేశమంతటా ఏ ఇంట్లో మగవాడు ఆ ఇంటికి యజమానిగా ఉండాలి అని 127 సంస్థానాలకీ ఉత్తరాలు వెళ్ళాయి.

ఈ మొదటి అధ్యాయాన్ని చాలామంది త్వరగా దాటేస్తారు గానీ ఎస్తేరు పడిన భయం అర్థం కావాలంటే ఇది గుర్తుండాలి. పిలిస్తే రానందుకు ఒక రాణి పోయింది. తర్వాత వచ్చిన రాణి పిలవకుండా వెళ్ళాలి. ఆ రాజు ఎలాంటివాడో, పక్కనున్నవాళ్ళు ఏం చెప్తే అది సంతకం పెట్టేసే మనిషని ప్యాలెస్‌లో అందరికీ తెలుసు, ఎస్తేరుకి అందరికంటే ఎక్కువ తెలుసు.

ఎస్తేరు తల్లీ తండ్రీ లేని పిల్ల. పెదనాన్నో చిన్నాన్నో కొడుకైన మొర్దెకై ఆమెని సొంత కూతురిలా పెంచాడు. రాజుకి కొత్త రాణి కావాలని దేశంలో అందమైన ఆడపిల్లలందర్నీ పోగేసినప్పుడు ఆమెనీ తీసుకుపోయారు. తీసుకుపోయారు అనే రాసి ఉంది, ఆమెని ఎవరూ అడగలేదు. ఆరు నెలలు గోపరస తైలం, ఇంకో ఆరు నెలలు సుగంధ ద్రవ్యాలు, పన్నెండు నెలల తయారీ తర్వాత ఒక్కో పిల్లనీ ఒక్కో రాత్రి రాజు దగ్గరికి పంపడం, నచ్చి పేరు పెట్టి పిలిస్తే తప్ప మళ్ళీ ఆ గడప తొక్కడానికి లేదు. దీన్ని అందాల పోటీలాగా చెప్పుకోవడం చాలా అన్యాయం. ఆ ఆడపిల్లల్లో రాణి అయింది ఒక్కతే, మిగతావాళ్ళంతా రెండో అంతఃపురంలో జీవితాంతం ఉండిపోయారు, వాళ్ళ పేర్లు కూడా మనకి లేవు.

ఈ రెండో అధ్యాయంలో ఎస్తేరు నోటి నుంచి ఒక్క మాట నేరుగా వినపడదు. కాపలా అధికారి హేగే ఏం చెప్తే అది పెట్టుకుంది. నువ్వు ఎవరి పిల్లవో చెప్పకు అని మొర్దెకై అంటే చెప్పలేదు. రాజు ఏలుబడిలో ఏడో ఏట రాణి అయింది, హామాను చట్టం వచ్చింది పన్నెండో ఏట, అంటే దాదాపు ఐదేళ్ళు రాజు పక్కనే ఉండి తన జాతి ఏంటో దాచుకుని బతికింది. మొర్దెకై మాత్రం ఆమె ఎలా ఉందో తెలుసుకోవడానికి అంతఃపురం ముందు రోజూ తిరిగేవాడు. విశ్వాస వీరుల లిస్టు రాసేవాళ్ళెవరూ ఈ దశలో ఆమె పేరు రాయరు. దానియేలు రాజు భోజనం వద్దన్నాడు, కిటికీ తీసి ప్రార్థన చేశాడు. ఎస్తేరు అలాంటివేమీ చేసినట్టు పుస్తకం చెప్పదు. బయటికి చూస్తే ఆమె పూర్తిగా పర్షియా రాణి.

ఇక హామాను. ఇతను అగగీయుడు, అంటే పాత అమాలేకు రాజు అగగు వంశం. మొర్దెకైది బెన్యామీను గోత్రం, కీషు వంశం, రాజైన సౌలు వంశం కూడా అదే. సౌలు అమాలేకీయుల్ని ఓడించి, చెప్పినదానికి విరుద్ధంగా అగగుని, మంచి పశువుల్ని మిగుల్చుకున్న సంగతి 1 సమూయేలు 15లో ఉంది, హీబ్రూ చదువరికి ఈ రెండు పేర్లు పక్కపక్కన కనపడగానే పాత పగ గుర్తొస్తుంది. రాజు హామానుని అందరికంటే పైన కూర్చోబెడతాడు, గుమ్మం దగ్గరున్న వాళ్ళంతా వంగి దండం పెడతారు, మొర్దెకై పెట్టడు. హామాను ఒక్క మొర్దెకై మీద పగ తీర్చుకోవడం చాలదనుకుని రాజ్యంలో ఉన్న యూదులందర్నీ చంపాలనుకుంటాడు. రాజు దగ్గరికి వెళ్ళి చెప్పే విధానం చూడండి, ఏ జాతి అనే పేరు చెప్పడు, ఒకానొక జనం అక్కడక్కడ చెదిరి ఉన్నారు, వాళ్ళ చట్టాలు వేరు, మీ చట్టాలు పాటించరు, వాళ్ళని ఉంచడం మీకు లాభం లేదు అంటాడు. పైగా ఖజానాకి 10,000 తలాంతుల వెండి ఇస్తానంటాడు. రాజు ఎవరు వాళ్ళు అని కూడా అడగడు, ఉంగరం తీసి ఇచ్చేస్తాడు. ఒక జాతి మొత్తాన్ని చంపే ఆర్డర్ ఇంత తేలిగ్గా పుట్టింది, ఏ కాలంలోనైనా మైనారిటీలని చంపే ముందు వాళ్ళ గురించి చెప్పే మాటలు ఇవే కావడం చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఎప్పుడు చంపాలో తేల్చడానికి మొదటి నెల నీసానులో చీటీ వేస్తే పన్నెండో నెల అదారు 13వ తేదీ వచ్చింది, అంటే పదకొండు నెలలు టైమ్. ఆ చీటీనే పూరు అంటారు, పండగ పేరు పూరీము దాని నుంచే. పర్షియా రాజుల టపా వ్యవస్థ ఆ కాలంలో చాలా పేరున్నది, సార్దీసు నుంచి షూషను దాకా రాజమార్గమే ఉండేది, ఆ వ్యవస్థ మొత్తం ఈ చావు కబురు మోసుకుపోయింది. ఆ అధ్యాయం చివరి వాక్యం ఈ పుస్తకంలో అన్నిటికంటే చల్లగా కోసే వాక్యం: రాజూ హామానూ తాగడానికి కూర్చున్నారు, షూషను పట్నం మాత్రం కలవరపడిపోయింది.

ఇప్పుడు నాలుగో అధ్యాయం. మొత్తం 17 వచనాలే, కానీ విశ్వాసం, ధైర్యం అని మనం మాట్లాడేదంతా ఇక్కడే జరుగుతుంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి. మొర్దెకై బట్టలు చింపుకుని, గోనెపట్ట కట్టుకుని, బూడిద పోసుకుని ఊరి నడిమధ్యలో గట్టిగా ఏడుస్తాడు. గోనెపట్టతో రాజు గుమ్మం లోపలికి రానివ్వరు, అందుకే గుమ్మం దాకా వచ్చి ఆగిపోతాడు. ఎస్తేరుకి కబురు తెలుస్తుంది, ఆమె చేసిన మొదటి పని ఏంటంటే ఆయనకి మంచి బట్టలు పంపడం. ఎందుకు ఏడుస్తున్నాడో ఇంకా తెలియదు, ముందు ఆ గోనె తీసెయ్యి, అందరూ చూస్తున్నారు అన్నట్టుంది. ఆయన తీసుకోడు. అప్పుడు హతాకు అనే నపుంసకుడిని పంపి అసలేం జరిగిందో కనుక్కోమంటుంది. రాజ్యమంతా తెలిసిన సంగతి రాణికి తెలియదు, గోడలు అంత ఎత్తు. మొర్దెకై చట్టం కాపీ ఇచ్చి పంపుతాడు, హామాను ఎంత వెండి ఇస్తానన్నాడో లెక్కతో సహా చెప్పి, రాజు దగ్గరికి వెళ్ళి తన జనం కోసం బతిమాలమని చెప్పమంటాడు.

ఎస్తేరు జవాబు కుదరదనే. రాజు పిలవకుండా లోపలి ఆవరణలోకి ఎవరు వెళ్ళినా, మగాడైనా ఆడదైనా, ఒకటే చట్టం, చావు, రాజు బంగారు దండం చాపితే తప్ప. నన్ను పిలిచి ముప్ఫై రోజులైంది. ఆ చివరి మాటలో ఎంత ఉందో చూడండి. నేను రాణినే గానీ ఇప్పుడు నా మాటకి అంత విలువ లేదు అని చెప్పుకుంటోంది, బహుశా ఇంకెవర్నో పిలుస్తున్నారు. ఇది పిరికితనం అని తీర్పు చెప్పేవాళ్ళు ఆమె చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం చూపించాలి. చూపించలేరు, ఎందుకంటే ప్రమాదం నిజంగా అంతే ఉంది. భయానికి కారణం లేకపోతే తర్వాత చేసినదాన్ని ధైర్యం అనడానికీ ఏమీ ఉండదు.

దానికి మొర్దెకై పంపిన జవాబు రెండు ముక్కలు. ఒకటి బెదిరింపులా ఉంటుంది, ప్యాలెస్‌లో ఉన్నావు కదా అని మిగతా యూదులు పోయినా నువ్వు తప్పించుకుంటావనుకోకు. రెండోది వేరే రకం. నువ్వు ఇప్పుడు మౌనంగా ఉంటే యూదులకి సహాయం ఇంకో దిక్కు నుంచి వస్తుంది, నువ్వూ నీ తండ్రి ఇల్లూ పోతారు, అసలు నువ్వు రాణివయింది ఇలాంటి సమయం కోసమేనేమో, ఎవరికి తెలుసు?

ఆ ఇంకో దిక్కు ఏంటో ఆయన చెప్పడు. దేవుడు అని అనొచ్చు, అనడు. దేవుడే నిన్ను అక్కడ పెట్టాడు అని ఖాయంగా చెప్పొచ్చు, చెప్పడు, ఎవరికి తెలుసు అంటాడు. ఇప్పుడు ఏ వేదిక మీదైనా దేవుడు నాతో మాట్లాడాడు, నీకు ఇది చెప్పమన్నాడు అని ధీమాగా అనేవాళ్ళు దొరుకుతారు, వాళ్ళ పక్కన మొర్దెకైని నిలబెడితే తేడా తెలుస్తుంది. తన జనం నిలబడుతుంది అనే విషయంలో ఆయనకి అనుమానం లేదు. ఎస్తేరు బతుకుతుందా, ఆమె రాణి అవడం వెనక ఏదైనా ఉద్దేశం ఉందా అనే విషయంలో ఆయన తెలిసినట్టు నటించడు. పెంచిన కూతురిని చావు అంచుకి పంపుతూ కూడా లేని గ్యారంటీ ఇవ్వలేదు, ఆ నిజాయితీకి చేతులెత్తి మొక్కాలి.

ఇక్కడి నుంచి ఎస్తేరు మారిపోతుంది. ఇప్పటిదాకా ఎవరు ఏం చెప్తే అది చేసిన మనిషి ఆర్డర్ వేస్తుంది: షూషనులో ఉన్న యూదులందర్నీ పోగెయ్యి, మూడు రోజులు రాత్రీ పగలూ నా కోసం తినొద్దు తాగొద్దు, నేనూ నా పనమ్మాయిలూ అలాగే ఉంటాం, ఆ తర్వాత చట్టానికి వ్యతిరేకమైనా సరే రాజు దగ్గరికి వెళ్తాను, పోతే పోతాను. అధ్యాయం చివర మొర్దెకై వెళ్ళి ఎస్తేరు చెప్పినట్టల్లా చేశాడు అని ఉంటుంది. రెండో అధ్యాయంలో మొర్దెకై చెప్పినట్టు ఎస్తేరు చేసేది, ఇప్పుడు తిరగబడింది.

పోతే పోతాను అనడంలో ఆవేశం లేదు, నేను చచ్చినా పర్లేదు అనే గొప్పా లేదు. బతకాలని ఉన్న మనిషి అన్ని దారులూ చూసుకుని ఇంకేం లేక అన్న మాటలా ఉంది. ఇంకో విషయం, ఆ పని ఆమె ఒంటరిగా మొదలుపెట్టలేదు. ఊరంతా తనతో పాటు ఆకలితో ఉండాలని అడిగింది. ఐదేళ్ళు తన వాళ్ళెవరో చెప్పకుండా బతికిన అమ్మాయి వాళ్ళతో మళ్ళీ కలిసింది ఈ ఉపవాసంలోనే.

ఈ ఉపవాసంలో రబ్బీలు, అంటే యూదు మత పండితులు, ఒక చిక్కు పట్టుకున్నారు. చట్టం రాసింది నీసాను 13న. పస్కా పండగ సరిగ్గా ఆ వెంటనే వస్తుంది. అంటే ఎస్తేరు అడిగిన మూడు రోజులు పస్కా మీద పడతాయి, పస్కా రాత్రి తినాల్సిన పులియని రొట్టె తినకుండా ఉపవాసం ఉండాలి. ఐగుప్తు నుంచి విడుదల అయినందుకు చేసుకునే పండగ రాత్రి, ఆ విడుదల పొందిన జనమే లేకుండా పోయే పరిస్థితి. ఆ రబ్బీల చర్చలు కూర్చిన తాల్ముదు అనే గ్రంథంలో మెగిల్లా అనే భాగంలో దీన్ని చర్చిస్తూ మొర్దెకై పస్కా నియమం దాటి ఉపవాసం ఉన్నాడని చెప్తారు. పండగని కాపాడుకోవడం కంటే ముందు పండగ చేసుకునే మనుషులు మిగలాలి అనే లెక్క అందులో కనపడుతుంది.

మూడో రోజు ఎస్తేరు రాణి బట్టలు వేసుకుని లోపలి ఆవరణలో నిలబడింది. హీబ్రూలో ఈ సీన్ రెండే రెండు వచనాలు, ఆమె మనసులో ఏముందో ఒక్క ముక్క లేదు. తర్వాత కాలంలో గ్రీకులోకి మార్చినవాళ్ళకి ఈ మౌనం భరించడం కష్టమైంది. గ్రీకు ఎస్తేరులో ఆరు పెద్ద భాగాలు అదనంగా ఉంటాయి, మొర్దెకై ప్రార్థన, ఎస్తేరు ప్రార్థన, దేవుడి పేరు బోలెడు సార్లు, రాజు కోపంగా చూస్తే ఆమె స్పృహ తప్పి పడిపోవడం, దేవుడు రాజు మనసు మెత్తబరచడం, అన్నీ ఉంటాయి. కేథలిక్ బైబిల్లో అవి ఇప్పటికీ ఉన్నాయి. చదవడానికి అందంగానే ఉంటాయి, కానీ ఆ ప్రార్థనలు వచ్చాక కథ మామూలు కథ అయిపోయినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే అడిగింది, దేవుడు చేశాడు, అయిపోయింది. హీబ్రూ పుస్తకం ఆ ఊరట ఇవ్వదు.

తాల్ముదులోని రబ్బీలు గ్రీకు అనువాదకుల కంటే లోతుగా వెళ్ళారు. ఎస్తేరు విగ్రహాలున్న గది దాకా రాగానే అప్పటిదాకా ఆమెతో ఉన్న దేవుని సన్నిధి ఆమెని వదిలేసిందని, అప్పుడు ఆమె 22వ కీర్తన మాటలు పలికిందని వాళ్ళు చెప్పారు. నా దేవా నా దేవా నన్నెందుకు విడిచిపెట్టావు అనే కీర్తన అది, తెలుగు క్రైస్తవులకి సిలువ మీద మాటగా బాగా తెలుసు. అత్యంత అవసరమైన ఆ నాలుగడుగులు ఆమె దేవుడు లేడేమో అనిపిస్తుండగా నడిచింది అని రబ్బీలు అర్థం చేసుకున్నారు. అలా అనిపించినా వెనక్కి తిరగలేదు, ఫిర్యాదు కూడా ఆ దేవుడితోనే చేసుకుంది. ఈ ఒక్క ఊహ కోసమైనా ఆ పాత చర్చలు చదవాలి.

రాజు దండం చాపాడు. ఏం కావాలి, సగం రాజ్యమైనా ఇస్తాను అన్నాడు. సినిమా అయితే ఇక్కడే ఆమె కాళ్ళ మీద పడి అంతా చెప్పేసేది. ఎస్తేరు మాత్రం, రాజూ హామానూ ఇవాళ నా విందుకి రండి, అంటుంది. విందులో రాజు మళ్ళీ అడిగితే రేపు ఇంకో విందుకి రండి, అప్పుడు చెప్తాను, అంటుంది. ఎందుకిలా లాగింది అని రబ్బీలు ఒకరు చెప్పింది ఒకరు చెప్పకుండా పదికి పైగా కారణాలు చెప్పారు. హామానుకి వల వేసింది అని ఒకరు, రాణి యూదురాలు అనే అనుమానం రాకూడదని ఒకరు, ఇంకొకరు చెప్పింది ఇంకా బాగుంటుంది: ప్యాలెస్‌లో మన అక్క ఉంది కదా అని యూదులు ధీమా పడి ప్రార్థన మానేస్తారని, వాళ్ళకి తన మీద నమ్మకం తగ్గేలా శత్రువునే విందుకి పిలిచిందంట. ఏది నిజమైనా ఆమె ప్లాన్ వేసింది అనేది మాత్రం స్పష్టం. తాగి ఉంగరం ఇచ్చేసే రాజు ముందు, సభలో అందరి మధ్యా, పక్కన హామాను లేనప్పుడు చెప్తే వాడు తర్వాత వచ్చి మాట మార్చేస్తాడు. ముగ్గురే ఉన్న గదిలో, వాడి మొహం మీదే చెప్పాలి. ఉపవాసం ఉన్నాను కాబట్టి ఇక దేవుడే చూసుకుంటాడు అని ఆమె వదిలెయ్యలేదు, విశ్వాసం ఉందంటే బుర్ర వాడక్కర్లేదు అనుకునేవాళ్ళు ఈ రెండు విందుల మీద కాస్త కూర్చుని ఆలోచించాలి.

ఆ రెండు విందుల మధ్య రాత్రి రాజుకి నిద్ర పట్టదు. రాజ్య చరిత్ర చదివించుకుంటాడు, ఎప్పుడో మొర్దెకై తన ప్రాణం కాపాడిన సంగతి అప్పుడే బయటపడుతుంది. తెల్లారేసరికి మొర్దెకైని ఉరి తీయించడానికి 50 మూరల ఉరికొయ్య నిలబెట్టించి వచ్చిన హామానే, మొర్దెకైని గుర్రమెక్కించి ఊరంతా తిప్పాల్సి వస్తుంది. ఎస్తేరుకి ఇందులో ఏ ప్రమేయమూ లేదు. దేవుడు చేశాడని పుస్తకం అనదు, చదివేవాళ్ళు అనుకోవాలి.

రెండో విందులో ఎస్తేరు చివరికి నోరు విప్పింది. నేనూ నా జనమూ అమ్ముడుపోయాం, నాశనం చెయ్యడానికి, చంపడానికి, రూపుమాపడానికి, అంటుంది. మూడో అధ్యాయంలో హామాను రాయించిన చట్టంలో ఉన్న మూడు మాటలే ఇవి, అదే వరసలో. హతాకు తెచ్చిచ్చిన కాపీ ఆమె చదువుకుంది, కంఠతా పట్టింది, ఇప్పుడు ఆ చట్టాన్ని దాని మీద ముద్ర వేసిన మనిషికే అప్పజెప్తోంది. అమ్ముడుపోయాం అనడంలో ఆ వెండి లెక్క కూడా ఉంది. బానిసలుగా అమ్మేసినా నేను నోరెత్తేదాన్ని కాదు, అని కూడా అంటుంది. సంతకం పెట్టింది నువ్వే కదా అని మాత్రం అనదు. రాజు పాపం ఎవడు వాడు, ఎక్కడున్నాడు అని అడుగుతాడు, ఆ ప్రశ్నకి సగం జవాబు తనే అని తెలియకుండా.

ఈ సీన్‌లో నిజమైన రిస్క్ దండం దగ్గర కంటే పెద్దది. నేనూ నా జనమూ అన్న క్షణంలో ఐదేళ్ళు దాచినది బయటపెట్టేసింది. చావు డిక్రీ ఉన్న జాతిలో తన పేరు తనే రాసుకుంది. రాజు హామాను వైపు తిరిగి ఉంటే ఇంక దాక్కోవడానికి ఏమీ మిగిలి ఉండేది కాదు.

హామాను అదే ఉరికొయ్యకి వేలాడతాడు, ప్రసంగాలు ఎక్కువగా ఇక్కడే ముగిసిపోతాయి. కానీ ఎనిమిదో అధ్యాయంలో, ఎవరూ పెద్దగా పట్టించుకోని చోట, ఎస్తేరు ఇంకోసారి లేస్తుంది. అప్పటికి హామాను ఆస్తి ఆమె చేతికొచ్చింది, రాజు ఉంగరం మొర్దెకై వేలికుంది, ఇద్దరూ సేఫ్. చట్టం మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే రాజు ఉంగరంతో ముద్ర పడ్డ చట్టం రాజు కూడా రద్దు చెయ్యలేడు. ఆమె మళ్ళీ రాజు దగ్గరికి వెళ్ళి కాళ్ళ మీద పడి ఏడుస్తుంది, రాజు మళ్ళీ బంగారు దండం చాపాడు అని రాసి ఉంది కాబట్టి ఇదీ పిలవకుండా వెళ్ళడమే అని అర్థమవుతుంది. మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. ఈసారి ఉన్నాయి. నా జనం మీదికి వచ్చే కీడు నేనెలా చూడగలను, నా బంధువుల నాశనం ఎలా చూడగలను, అంటుంది. మొర్దెకై మొదట్లో వాడిన వాదన నువ్వూ చస్తావు అని. ఇప్పుడు ఆ వాదన అక్కర్లేదు, ఎవరూ కబురు పంపలేదు, ఉపవాసం పెట్టించలేదు. తన ప్రాణానికి ప్రమాదం తీరాక కూడా వేరేవాళ్ళ కోసం మళ్ళీ అదే గడప తొక్కింది. ఎస్తేరు ధైర్యం ఎంతో తెలియాలంటే నాలుగో అధ్యాయం కంటే ఈ ఎనిమిదో అధ్యాయమే మంచి చోటు.

తొమ్మిదో అధ్యాయం గురించి మాట్లాడకుండా ఈ కథని పొగడటం తప్పు. పాత చట్టం రద్దు కాదు కాబట్టి, యూదులు గుమిగూడి తమ మీదికి వచ్చినవాళ్ళని ఎదిరించి చంపొచ్చు అని కొత్త చట్టం వెళ్తుంది. అదారు 13న షూషను కోటలో 500 మంది, సంస్థానాల్లో 75,000 మంది చనిపోయారని హీబ్రూ లెక్క, గ్రీకులో 15,000. ఎస్తేరు షూషనులో ఇంకో రోజు కావాలని అడుగుతుంది, మర్నాడు ఇంకో 300 మంది. దోపుడు సొమ్ము మీద చెయ్యి వెయ్యలేదు అని మూడుసార్లు చెప్తారు, సౌలు అమాలేకీయుల దగ్గర చేసిన తప్పు వీళ్ళు చెయ్యలేదని చూపించడానికి కావచ్చు. ఆత్మరక్షణే అని ఎంత చెప్పుకున్నా ఆ రెండో రోజు మనసుకి ముల్లులా గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. 1994లో పూరీము రోజునే వెస్ట్ బ్యాంకులోని హెబ్రోనులో ఒక యూదు సెటిలర్ మసీదులో నమాజ్ చేసుకుంటున్న 29 మందిని కాల్చి చంపాడు. ఎస్తేరు ధైర్యం తన జనాన్ని చావు నుంచి తప్పించడానికి పుట్టింది, దాన్ని ఇంకెవరి చావుకో లైసెన్స్ చేసుకుంటే అది హామాను చీటీ వేసిన పనే.

ఇదంతా నిజంగా జరిగిందా అంటే, పర్షియా రికార్డుల్లో ఎస్తేరు అనే రాణి లేదు, గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ జెర్క్సెస్ భార్య పేరు అమెస్త్రిస్ అంటాడు. అందుకే చాలామంది స్కాలర్లు దీన్ని చరిత్ర నేపథ్యంలో రాసిన కథగా చూస్తారు. ఇరాన్‌లోని హమదానులో మాత్రం ఎస్తేరు, మొర్దెకై సమాధులు అని చెప్పే కట్టడం ఉంది, ఇరాన్ యూదులు తరతరాలుగా అక్కడికి వెళ్తూ వచ్చారు. సిరియాలో దూరా యూరోపోసు దగ్గర మూడో శతాబ్దపు సమాజ మందిరం గోడల మీద కూడా ఎస్తేరు బొమ్మ ఉంది. పరాయి రాజ్యంలో కొద్దిమందిగా బతికే జనానికి ఈ కథ ఎందుకు అంత దగ్గరో చెప్పక్కర్లేదు. మన దగ్గర గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తమని బెనే ఎఫ్రాయిము యూదులుగా చెప్పుకునే చిన్న తెలుగు సమాజం ఉంది, వాళ్ళకి సొంత సమాజ మందిరం కూడా ఉంది.

పుస్తకం చివర్లో ఎస్తేరు ఉత్తరం రాస్తుంది. అబీహాయిలు కూతురైన ఎస్తేరు రాణి పూర్తి అధికారంతో రాసి పూరీముని స్థిరపరిచింది అని ఉంటుంది. ఆడమనిషి చట్టం రాసి పండగ నిలబెట్టడం హీబ్రూ బైబిల్లో ఇంకెక్కడా దొరకదు. తాల్ముదు దీని మీద ఇంకో ముచ్చట చెప్తుంది. నా రోజుని రాబోయే తరాలకి స్థిరంగా నిలబెట్టండి అని ఎస్తేరు పెద్దలకి కబురు పంపిందంట. వాళ్ళు భయపడ్డారు, అలా చేస్తే చుట్టుపక్కల జాతులు మా మీద పగబడతాయమ్మా అన్నారు. నా పేరు ఇప్పటికే మాదీయుల, పర్షియా రాజుల చరిత్ర గ్రంథాల్లో రాసేశారు, మీరు దాచి లాభం లేదు, అని ఆమె తిరిగి కబురు పెట్టింది. ఎవరి పిల్లవో చెప్పకు అన్నప్పుడు తల ఊపిన అమ్మాయే ఈ మాట అన్నది. పెద్దలు ఒప్పుకోక తప్పలేదు, పుస్తకం లేఖనాల్లో చేరింది. దాన్ని చదివేటప్పుడు వినడం మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళకీ తప్పనిసరి అని, ఆ విడుదలలో వాళ్ళూ ఉన్నారు కాబట్టి అని, రబ్బీ యెహోషువ బెన్ లేవీ తీర్పు చెప్పాడు.